నాచు సూపులోని మాంసం

బడి వంటగది నీళ్ళ తూము జాలీలో చిక్కుకున్న కాగితం ముక్కను సుహ్వా గోటితో తీసి, కిటికీ వెలుతురులో పట్టుకుని చూడడంతో పోయిన వారం కథ ఆగింది. అది గురువారం. ఆ ముక్క మీద సగం చిరిగిన నాటు ఆవు బొమ్మ, దేశవాళీ మాంసానికి వేసే గుర్తు, ఉంది. వెనక్కి తిప్పితే, జిగురుకు అంటుకుని పరాయి లిపిలో మూడు అక్షరాలు. మాంసం పాకెట్ మీద ఒక చీటీ ఉండగా దాని మీద ఇంకొకటి అంటిస్తే తప్ప అలా ఊడిరాదు.

ప్యో సుహ్వా ఇంచన్ రేవు పక్కనున్న ఆడపిల్లల హైస్కూల్లో భోజనాల టీచరు. ఏ రోజు ఏం వండాలో రాసేది ఆవిడే, సరుకుకు పూచీ పడేదీ ఆవిడే. ఏడువందల ఎనభై మంది పిల్లలు ఆమె రాసిందే తింటారు. పిచ్చి ఆవు జబ్బు భయంతో దేశమంతా దిగుమతి గొడ్డు మాంసం గురించి అట్టుడికిపోతున్న ఆ మే నెలలో, నలుగురు పిల్లలు ఆమె గదికి వచ్చారు. ముందు రోజు సాయంత్రం సియోల్ చౌరస్తాకి వెళ్ళి కొవ్వొత్తులు పట్టుకుని కూర్చున్నారట, యూనిఫాం చేతుల మీద ఇంకా మైనం మరకలున్నాయి. "మంత్రులు చెప్పేది మాకు నమ్మకం లేదు టీచర్. మీరు చెప్పండి, నమ్ముతాం" అన్నారు. సుహ్వా అక్కడికక్కడే కాగితం తీసి, 'నేనున్నంతకాలం ఈ వంటగదిలోకి దిగుమతి మాంసం రాదు' అని రాసి, సంతకం పెట్టింది. పిల్లలు దాన్ని భోజనశాల గోడకు అంటించారు.

తూములో దొరికిన ముక్కను ఆమె చేతిరుమాలులో చుట్టి సంచిలో పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు.

ఇక ఈ వారం.

బుధవారం ఆమె బడికి వచ్చేసరికి ఎనిమిదిన్నర దాటింది. పాపకు ఒళ్ళు వెచ్చగా ఉంటే శిశువిహార్‌లో అప్పగించి రావడం ఆలస్యమైంది. వంటగదిలో అప్పటికే పని జోరుగా సాగుతోంది. జూలైలో పుట్టిన పిల్లలందరికీ కలిపి ఆ రోజు నాచు సూపు. నెలకోసారి వచ్చే ఆ రోజు కోసం పిల్లలు లెక్కపెట్టుకుని ఎదురుచూస్తారు. పుట్టినరోజున నాచు సూపు తాగకపోతే ఆ ఏడు వయసు పెరగనట్టే వాళ్ళకు. నానబెట్టిన సముద్రపు నాచు తొట్టెల్లో నల్లగా ఉబ్బి ఉంది. మాంసం ముక్కలు నువ్వుల నూనెలో వేగి, నీళ్ళు పోసుకుని, పెద్ద గుండిగల్లో మరగడం మొదలైంది.

గుండిగ దగ్గర తెడ్డంత గరిటెతో నిలబడ్డది గిల్‌సున్. ఆ వంటగదికి పెద్ద ఆవిడే. యాభై రెండేళ్ళ మనిషి, పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పదకొండేళ్ళ కిందట సుహ్వా కొత్త ఉద్యోగంలో చేరిన నెలలో, అన్నం పలుకుగా ఉందని ఒక మాష్టారు పిల్లల ముందే తిడితే, సరుకుల గదిలో కూర్చుని ఏడుస్తుంటే, మాడు అన్నంలో వేడినీళ్ళు పోసి తెచ్చి తాగించింది ఈవిడే. అప్పట్నించి సుహ్వాకు ఆవిడ అక్క.

పది గంటలకు సుహ్వా చల్లగదిలోకి వెళ్ళింది. అడుగు అరలో విప్పని పాకెట్ ఒకటి మిగిలి ఉంది. దాన్ని తీసుకొచ్చి స్టీలు బల్ల మీద పెట్టింది.

"అక్కా, ఆ ముగ్గుర్నీ పళ్ళేలు తుడవడానికి హాల్లోకి పంపు."

"పొద్దున్నే తుడిచేశారుగా."

"మళ్ళీ తుడవమను."

గిల్‌సున్ ఆమె మొహంలోకి చూసింది. "ఏంటివాళ, అత్తగారి మొహం పెట్టుకొచ్చావు" అని, మిగతా ఆడవాళ్ళ వైపు తిరిగి గడ్డంతో సైగ చేసింది. ముగ్గురూ రబ్బరు బూట్లు టపటపలాడిస్తూ బయటికి వెళ్ళారు.

సుహ్వా కెటిల్ తెచ్చి పాకెట్ మీది చీటీ పైన వేడినీళ్ళు పోసింది. గోటితో మూల లేపింది. నాటు ఆవు బొమ్మ మెత్తగా, మొత్తంగా ఊడివచ్చింది. దాని కింద ఇంకో చీటీ. పరాయి లిపి. సముద్రం అవతలి దేశం పేరు. పాకెట్ కట్టిన తేదీ పోయిన ఏడాది ఆకులు రాలే కాలంది.

"ఏంటక్కా ఇది?"

"మాంసం."

"ఎక్కడి మాంసం?"

"ఆవుది."

"వేళాకోళం ఆడకు."

గిల్‌సున్ గరిటెను గుండిగ అంచుకు ఆనించి, మంట తగ్గించింది. "ఇంక ఆడేదేముంది. చూశావుగా."

ఆ జవాబుకు సుహ్వా సిద్ధంగా లేదు. ఆరు రోజులుగా తనలో తను ఈ సంభాషణ ఎన్నిసార్లు జరిపిందో ఆమెకే తెలీదు. ప్రతిసారీ గిల్‌సున్ నోటి మీద చెయ్యి పెట్టుకునేది, సరుకు తెచ్చే వాడి ఏడు తరాలనూ తిట్టేది, ఇద్దరూ కలిసి విద్యాశాఖకు ఫోన్ చేసేవారు. గిల్‌సున్‌కు తెలిసి ఉండడం అన్న మాట ఎక్కడో అడుగున కదిలేది. దాన్ని పైకి రానివ్వలేదు. అందుకే గురువారం అడగలేదు. శుక్రవారం అడగలేదు.

"ఎన్నిసార్లు?"

"ఇవాళ్టితో నాలుగు."

"సోమవారం వేపుడు?"

"అదీ."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఇంకెవరు. గుక్ సారు." గుక్ ఆ బడి వైస్ ప్రిన్సిపాలు. "మాంసం తెచ్చేవాడు ఆయన బావమరిదని నీకు తెలీదా? చిన్న క్లాసు పిల్లలకి కూడా తెలుసు. నెల మొదట్లో గదికి పిలిచాడు. కుర్చీ చూపించాడు. నేను ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. నాటు మాంసం దొరకడం కష్టంగా ఉంది, సెలవులిచ్చేదాకా వచ్చింది దించుకోండి, టీచరమ్మని ఇబ్బంది పెట్టొద్దు అన్నాడు. డిసెంబర్లో పర్మనెంటు చేసేవాళ్ళ జాబితాలో నా పేరు ఉందన్నాడు. ఉంటుంది అనలేదు. ఉంది అన్నాడు."

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెప్తే?"

"ఆపేదాన్ని."

"ఆపేదానివే. ఆపుతావు, పిల్లలు చప్పట్లు కొడతారు, పేపర్లో నీ ఫోటో వేస్తారు. డిసెంబర్లో నన్ను బయటికి పంపుతారు." గిల్‌సున్ గొంతు పెంచలేదు. చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగి విప్పుతూ మాట్లాడింది. "నిన్ను తీయాలంటే ఒక కమిటీ కూర్చోవాలి సుహ్వా. నన్ను తీయాలంటే ఫోన్ కూడా చెయ్యక్కర్లేదు. కాంట్రాక్టు పొడిగించకుండా ఊరుకుంటే చాలు. పదమూడేళ్ళుగా ప్రతి డిసెంబర్లోనూ మళ్ళీ రమ్మనే ఫోన్ వస్తుందా రాదా అని చూస్తూ కూర్చుంటాను. నీకెప్పుడైనా చెప్పానా?"

"లేదు."

"అడిగావా?"

సుహ్వా ఊడిన చీటీని బల్ల మీద పరిచింది.

"గోడకి కాగితం అంటించారే, ఆ రోజు ఎవర్నైనా అడిగావా? 'ఈ వంటగదిలోకి రాదు' అని రాశావు. వంటగదిలో ఉండేదెవరు? పొద్దున్నే లారీ తలుపు తీసేదెవరు? మా చేతులు పెట్టుకుని నువ్వు ఒట్టేశావు."

అందులో నిజం ఉంది. అది సుహ్వాకు గుచ్చుకుంది కూడా. ఇంకో రోజైతే ఆమె అక్కడ ఆగిపోయేది, క్షమించమని అడిగేది కూడానేమో. కానీ ఆమెను రాత్రంతా నిద్రపోనివ్వనిది ఆ పాకెట్ కాదు. వేరే ఉంది.

"అయితే ఇందులో నీకు తప్పేం కనపడలేదు. మాంసం మాంసమే అనుకున్నావు. అంతేనా?"

"అంతే. టీవీలో ఒకాయన పిచ్చి ఆవు జబ్బు వస్తుందంటాడు, ఇంకొకాయన బల్ల గుద్ది రాదంటాడు. అంత చదివినవాళ్ళకే తేలనిది నాకేం తేలుతుంది. వండితే వాసన మంచిగానే వస్తోంది. పిల్లలు ఇంకా కావాలంటున్నారు."

"మరి బోరం ఇవాళ ఏం తింటుంది?"

గిల్‌సున్ చేతి తొడుగు విప్పడం ఆపింది.

బోరం గిల్‌సున్ ఒక్కగానొక్క కూతురు. అదే బళ్ళో రెండో ఏడు చదువుతోంది. మే నెలలో మైనం మరకల చేతులతో సుహ్వా గదికి వచ్చిన నలుగురిలో ఒకతె. ఆ కాగితం రాయడానికి పెన్ను తీసి ఇచ్చింది కూడా ఆ పిల్లే.

"సోమవారం ఇంటి నుంచి గింబాప్ అన్నం చుట్టల డబ్బా తెచ్చుకుంది. ఏమ్మా అంటే కడుపునొప్పి టీచర్ అంది. అంతకుముందు బుధవారం కూడా డబ్బానే. నెల మొదట్లో ఇంకోసారి. నిన్న కూర్చుని, నేను రాసిన వంటల పట్టీ పక్కన పెట్టుకుని చూశాను. గొడ్డు మాంసం ఉన్న రోజునే ఆ పిల్లకి కడుపునొప్పి. ఇవాళ నేనొచ్చేసరికి హాజరు పిలుస్తున్నారు. బోరం క్లాసు ముందు నుంచే వచ్చాను. బల్ల కింద డబ్బా ఉంది అక్కా."

గుండిగలో సూపు మరుగుతోంది. పైన పొగ లాగే పంకా గరగర శబ్దం చేస్తోంది. గిల్‌సున్ మిగిలిన తొడుగు కూడా విప్పేసింది.

"తల్లిని సుహ్వా" అంది.

"వాళ్ళందరికీ ఉన్నారు తల్లులు."

"తెలుసు."

"మా పాపకి ఏడాది నిండినప్పుడు నీ చేత్తో నాచు సూపు వండి తెచ్చి పెట్టావు. మొదటి ముద్ద నువ్వే పెట్టావు."

"అది నాటు మాంసమే" అంది గిల్‌సున్ వెంటనే, అది ముఖ్యమన్నట్టు.

సుహ్వాకు నవ్వొచ్చింది. కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. రెంటినీ మింగింది.

"బోరంకి తెలుసా?"

"ఊరికే డబ్బా పట్టుకెళ్ళమంటే వింటుందా అది? ఎందుకని పీక పట్టుకుంది. చెప్పాల్సొచ్చింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు నేనేమీ అనకుండానే డబ్బా తీసుకుని వెళ్ళింది."

సుహ్వా గుండిగ దగ్గరికి వెళ్ళి మంట ఆర్పేసింది. రెండో గుండిగది కూడా. పంకా ఆపింది. ఉన్నట్టుండి వంటగది అంతా నిశ్శబ్దమైపోయింది. గోడ అవతల పళ్ళేలు తుడుస్తున్న ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి.

"ఏం చేస్తావు?" అంది గిల్‌సున్.

"పారబోస్తాను."

"పిల్లలకేం పెడతావు?"

"అన్నం, కిమ్చీ ఉన్నాయి. గుడ్లున్నాయి. ఎందుకో కూడా చెప్తాను."

గిల్‌సున్ తొడుగులు బల్ల మీద పడేసి, వెనక తలుపు తీసుకుని వెళ్ళిపోయింది. ఎక్కడికి వెళ్ళిందో సుహ్వా అడగలేదు. ముగ్గురు ఆడవాళ్ళనూ వెనక్కి పిలిచి గుడ్లు కొట్టమంది. వాళ్ళు ఆరిన పొయ్యిల వైపు, ఒకరి మొహాలొకరు చూసుకుని, ఏమీ అడక్కుండా పనిలో పడ్డారు.

పదకొండున్నరకు గిల్‌సున్ తిరిగి వచ్చింది. ఆమె ముందు గుక్ గారున్నారు.

గుక్ గారు మర్యాదస్తుడు. వంటగదిలోకి రావాలంటే బూట్లు మార్చుకోవాలని గుర్తుంచుకుని, మార్చుకుని మరీ వచ్చాడు. ఆర్పేసిన గుండిగల్లోకి తొంగిచూసి, "అయ్యో, మంచి సూపు" అన్నాడు.

"ఇందులో ఉన్నది దిగుమతి మాంసం సార్."

"విన్నాను. కూర్చుని మాట్లాడుకుందాం ప్యో టీచర్. ఇప్పుడు కాదు, భోజనాలయ్యాక. మీరు పారబోస్తానంటే పారబోయండి, నేను అడ్డు రాను. సూపు అడుగంటిందని చెప్దాం. వంటగదిలో జరుగుతూనే ఉంటుంది. వచ్చే వారం సెలవులు. తర్వాత మాంసం తెచ్చేవాణ్ణి మారుద్దాం. ఎవరికీ ఇబ్బంది ఉండదు."

"అడుగంటలేదు సార్."

"అందుకే చెప్దాం అంటున్నాను" అన్నాడు నవ్వుతూ.

"ఇప్పటికి మూడుసార్లు తిన్నారు సార్ వాళ్ళు. ఆ సంగతి వాళ్ళకి చెప్పాలి."

ఆయన నవ్వు చెరగలేదు, కానీ గొంతు కొంచెం తగ్గింది. "సరుకు దించుకున్న పత్రాలు నా బల్ల మీదున్నాయి. పొద్దున టీచరు తన కళ్ళతో చూసుకుని, చీటీలు సరిచూసుకుని ముద్ర వెయ్యాలని నియమం. నాలుగింటి మీదా మీ ముద్ర ఉంది. మీరు హాల్లోకి వెళ్ళి ఏం చెప్తారో అది మీ ఇష్టం. విన్నవాళ్ళు మొదట అడిగేది ఆ ముద్ర గురించే."

సుహ్వా గిల్‌సున్ వైపు చూసింది. ఆవిడ గుడ్లు కొడుతున్న వాళ్ళ చేతుల వైపు చూస్తోంది.

ముద్ర సుహ్వాదే. బొటనవేలంత చెక్క ముద్ర, ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె తండ్రి చెక్కించి ఇచ్చాడు. పాప పుట్టాక, పొద్దున్నే లారీ వచ్చే వేళకు రాలేక, పోయిన ఏడాది దాన్ని గిల్‌సున్ చేతిలో పెట్టింది. 'నువ్వు చూస్తే నేను చూసినట్టే అక్కా' అంది. తాళం చెవి ఇచ్చినంత తేలిగ్గా ఇచ్చేసింది. దాని గురించి మళ్ళీ ఆలోచించనే లేదు.

"నా ముద్ర వేశావా?" అంది.

గిల్‌సున్ ఒక గుడ్డు తీసుకుని గిన్నె అంచుకు కొట్టింది.

"నీ పేరు రాసి పెట్టొచ్చుగా. నాది ఎందుకు?"

"పత్రం మీద నా పేరుకి చోటు లేదు" అంది గిల్‌సున్.

పన్నెండూ పదికి గంట మోగింది. మెట్ల మీద నుంచి పిల్లల అడుగుల చప్పుడు వర్షంలా దిగి వచ్చింది. భోజనశాల తలుపులు తెరుచుకున్నాయి. నాచు సూపు వాసన అప్పటికే హాలంతా ఉంది. ముందు వరసలో ఉన్న పిల్లలు ఖాళీగా ఉన్న సూపు తొట్టెలను చూసి గొణుక్కున్నారు.

సుహ్వా తలమీది తెల్ల టోపీ తీసి, వడ్డించే బల్ల దాటి వాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఇవాళ నాచు సూపు లేదు. వండాం, కానీ పెట్టడం లేదు. అందులో వేసింది నాటు మాంసం కాదు, దిగుమతిది. చీటీ మార్చి పంపారు." ఊపిరి తీసుకుంది. "ఇవాళ మీరు తినలేదు. కానీ ఈ నెల్లో ఇంతకుముందు మూడుసార్లు తిన్నారు. నేను మీకిచ్చిన మాట పోయింది."

వెనక వరసల్లో వాళ్ళకు వినపడక ముందువాళ్ళను అడిగారు. మాట వెనక్కి పాకింది. అది పాకుతున్నంతమేరా హాలు చల్లబడింది. ఒక పిల్ల తన పళ్ళెంలోకి చూసుకుంది, అందులో ఏమీ లేకపోయినా.

వరసలో మొదట నిలబడ్డది దాసోల్. పొడుగ్గా, కళ్ళద్దాలతో ఉంటుంది. కాగితం రాయించుకున్న నలుగురిలో ఆమె కూడా ఉంది. చాలా నెమ్మదిగా అడిగింది.

"మీకెప్పుడు తెలిసింది టీచర్?"

ఈ ప్రశ్న వస్తుందని సుహ్వా అనుకోలేదు. ఉదయం నుంచి తనను మోసం చేసినవాళ్ళనే తలుచుకుంటూ ఉండిపోయింది.

"ఇవాళ రూఢి అయింది."

"అనుమానం ఎప్పుడొచ్చింది?"

"గురువారం."

దాసోల్ లెక్క వేసుకోవడం కనబడుతూనే ఉంది. "సోమవారం మాకు వేపుడు పెట్టారు కదా."

"పెట్టాను."

"మీరే నిలబడి పెట్టారు. నాకు రెండోసారి కూడా వేశారు."

"అవును."

 దాసోల్ కళ్ళద్దాలు తీసి యూనిఫాం అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని సుహ్వాను చూసింది. అలా తనను ఎవరూ ఇంతకుముందు చూడలేదని సుహ్వాకు అనిపించింది. అలా తను మాత్రం రెండు గంటల కిందట ఒకరిని చూసింది.

"పిల్లలూ, ఒక్క నిమిషం." గుక్ గారు వంటగది తలుపు దగ్గర నుంచి ముందుకు వచ్చాడు. బూట్లు మళ్ళీ మార్చుకున్నాడు. "ఇది చాలా విచారించాల్సిన విషయం. ఎవరి మీదా తొందరపడి నింద వెయ్యొద్దు. కానీ ఒక సంగతి మీకూ తెలియాలి. ఈ మాంసం సరైనదేనని ప్రతిసారీ ఒకరు ముద్ర వేసి లోపలికి తీసుకున్నారు. ఆ పత్రాలు నా దగ్గరున్నాయి." వెనక్కి తిరిగాడు. "బోరం అమ్మగారూ, ఇలా రండి. రోజూ పొద్దున అక్కడ ఉండేది మీరే కదా. పిల్లలకి చెప్పండి. ఆ ముద్ర ఎవరు వేశారు?"

గిల్‌సున్ వడ్డించే బల్ల వెనక నిలబడి ఉంది. చేతులు ఏప్రాన్‌కు తుడుచుకుంది, అవి పొడిగానే ఉన్నా. గుక్ గారి వైపు చూసింది. తర్వాత సుహ్వా వైపు చూసింది. ఆ చూపు ఎంతసేపు నిలిచిందంటే, ఆవిడ నిజం చెప్పబోతోందని సుహ్వా నమ్మింది. పదకొండేళ్ళ మీద ఆమెకు ఇంకా అంత నమ్మకం మిగిలి ఉంది.

"టీచరమ్మే వేసుకున్నారు" అంది గిల్‌సున్.

హాల్లో ఒక్కసారిగా గుసగుసలు లేచాయి. దాసోల్ ఒకడుగు వెనక్కి వేసింది.  ముద్ర సుహ్వాదే. దాన్ని ఇచ్చింది తనే. ఏం చెప్పినా సాకు లాగానే ఉంటుంది.

అప్పుడు కిటికీ పక్క బల్ల దగ్గర, వరసలో నిలబడకుండా ఒంటరిగా కూర్చున్న ఒక పిల్ల, క్లాసులో పాఠం అడిగినప్పుడు ఎత్తినట్టు, మోచెయ్యి నిటారుగా పెట్టి, చెయ్యెత్తింది.

బోరం.

బల్ల వెనక గిల్‌సున్ "వద్దు" అంది. గుక్ గారికి వినపడనంత చిన్నగా. ఆ పిల్ల తల్లి పెదవుల వైపే చూస్తూ, చెయ్యి దించకుండా లేచి నిలబడింది.